వాన అని వెతికితే

ఫోనులో యాప్‌ల స్టోరు తెరిచి వాన అని కొడితే ముందుగా గొడుగులమ్మే దుకాణం వచ్చింది. దాని పక్కన చిన్న అక్షరాలతో ‘ప్రకటన’ అని ఉంది. దాని కింద వాతావరణం చెప్పే యాప్‌లు వరసగా నాలుగైదు. ఒకదానికి మబ్బు బొమ్మ, ఒకదానికి సూర్యుడి బొమ్మ, ఎటూ తేల్చుకోలేని ఒకదానికి రెండూ. ఆ తర్వాత ఆకాశంలోంచి బంగారు నాణేలు రాలే ఆట. దాని తర్వాత ఒక సబ్బు కంపెనీ. వేలితో తోస్తూ, తోస్తూ పోతే అట్టడుగున నీలం గడిలో ఒక్క చినుకు. అదీ వీళ్ల ‘వాన’.

“సబ్బుకన్నా కిందా మనం?” అంది వానమ్మ.

“సబ్బుని వాడినవాళ్లు తిట్టడం లేదు వదినా. మనల్ని తిడుతున్నారు,” అన్నాడు మరిది.

అతను గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. లాప్‌టాప్ వేడికి ఒళ్లో దిండు పెట్టుకున్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ, ఉన్న వేడిని ఇటునుంచి అటు మోయడం తప్ప అది ఒరగబెడుతున్నది ఏమీ లేదు. కింద దుకాణంలో వానమ్మ భర్త కళ్లద్దాలు అరగదీస్తున్నాడు. ఆ మిషను తిరిగినంతసేపూ పైన నేల సన్నగా వణుకుతుంది.

చినుకు పడితే లోకమంతా లోపలికి పరిగెడుతుంది. ఈమె బయటికి పరిగెడుతుంది. కాపురానికి వచ్చిన తొలి ఏడాదే వీధి వీధంతా ఆ వేడుక చూసింది, వానమ్మ అన్న పేరు అప్పుడే ఖాయమైపోయింది. చేతిలో రికార్డరు, దాని మైకుకి గాలి కొట్టకుండా తొడిగిన మరిది పాత ఉన్ని మేజోడు, నెత్తి మీద మాత్రం ఏమీ ఉండదు. రేడియోలో నాటకాలకు చప్పుళ్లు పట్టే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దాన్ని పని అన్నారు. ఆ విభాగం ఎత్తేశాక పిచ్చి అంటున్నారు.

రేకు మీద వాన, ఇసుక మీద వాన, ఆగి ఉన్న బస్సు మీద వాన, తడిసి బరువెక్కిన పరదా మీద వాన, నిండుతున్న బకెట్లో వాన. ఒక్కోదాని చివరని మొదలుకి కలిపి, ఎంతసేపు విన్నా అతుకు తెలియకుండా చెయ్యడం ఆమె పని. ఫోనులో నొక్కితే మోగేలా చెయ్యడం మరిది పని. పేరు పెట్టేటప్పుడే అతను అన్నాడు, “వాన చప్పుడు అని పెడదాం వదినా, లేకపోతే జనం ఇంకోటేదో అనుకుంటారు” అని. వాన అంటేనే చప్పుడు కదా, మళ్లీ వేరే చెప్పాలా అంది ఆమె. నిజంగానే ఆమెకు అలా తోచింది. ఆమెకు వాన కంటికి కనిపించేది కాదు, ఒంటికి తగిలేదీ కాదు, చెవిన పడేది. జనానికి మాత్రం వాన అంటే ఎప్పుడు పడుతుంది అన్న ప్రశ్న.

అందులోనూ ఈ ఏడు. కుళాయి తిప్పితే గాలి వస్తోంది. ట్యాంకరు వచ్చిందంటే వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా బిందెలే. మబ్బన్నది చూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఇలాంటి రోజుల్లో ఫోను తీసి వాన అని వెతికేవాళ్లు చప్పుడు కోసం వెతుకుతారా?

మరిది పైకి చదివాడు. “‘వాన ఎప్పుడని నొక్కితే వాన మోగుతోంది. శుద్ధ మోసం.’ ఒక స్టారు.”

“ఊఁ.”

“‘మేడ మీద ఆరేసిన బట్టల కోసం పరిగెత్తాను. తీరా చూస్తే మా ఆయన ఫోను.’ ఇదీ ఒక స్టారే.”

వానమ్మకు నవ్వొచ్చింది. “అది మెచ్చుకోవడం కాదూ?”

“స్టోరుకి అది తెలీదు వదినా. దానికి స్టార్లు తెలుసు. వెతికినవాళ్లు మనదాన్ని నొక్కితే కొంచెం, ఫోనులోకి దింపుకుంటే ఇంకొంచెం, దింపుకుని తీసేయకుండా ఉంచుకుంటే బోలెడు. పేరులో ఏముంది, ఎవరేం రాశారు, అన్నీ కలిపి ఏదో లెక్క వేస్తుంది. ఆ లెక్కేంటో పైకి చెప్పదు. మనలాంటివాళ్లంతా బయట నిలబడి ఊహించుకోవడమే.”

పొద్దున వచ్చిన ఫోనే లేకపోతే ఇదంతా నవ్వుకుని వదిలేసేవాళ్లు. ఫోను చేసింది వాతావరణం చెప్పే యాప్‌లలోకెల్లా పెద్దదాని మనిషి. వాళ్ల యాప్‌లో చప్పుళ్లు పెడదామనుకుంటున్నారట. గాలికి గాలి, ఉరుముకి ఉరుము, వానకి వాన. వాటిని పట్టి తెచ్చే మనిషి కావాలి. పర్మనెంటు ఉద్యోగం. సోమవారం పొద్దున మీటింగులో తేలుస్తారు.

“మీ వాన నాకు బాగా నచ్చిందండీ,” అంది కంపెనీ ఆవిడ. “కానీ మావాళ్లు చెవులతో వినరు, స్థానం చూస్తారు. తెర మీద స్టోరు తెరుస్తారు, వాన అని కొడతారు. మొదటి మూడింట్లో మీరు కనిపిస్తే మాట్లాడటానికి నాకు నోరుంటుంది.”

ఫోను పెట్టేశాక వానమ్మ చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయింది. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. మేజోడు తొడిగిన మైకు పట్టుకుని మళ్లీ ఒకరి తరఫున వెళ్లాలి. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే కళ్లద్దాల దుకాణం మాది అని కాకుండా, చప్పుళ్లు పడతానని చెప్పాలి. ఇంత గట్టిగా ఒకటి కావాలనిపించి ఎంతకాలమైందో కూడా ఆమెకు తెలియలేదు.

*

మర్నాడు మరిది ఒక ఉపాయంతో పైకి వచ్చాడు.

“పేరు పొడుగు చేద్దాం. వాన, వర్షం, వాతావరణం, తుఫాను, నిద్ర, ధ్యానం, ఉచితం.”

“అది పేరా, బజారా?”

“అందరూ అలాగే పెడతారు వదినా. ఏ మాట కొట్టినా మనం తగులుతాం.”

“తుఫాను మన దగ్గర లేదు కదా.”

“ఉందని ఎవరన్నారు? మాట ఉంటుంది, అంతే.”

వానమ్మ ఒప్పుకోలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేస్తున్న పనిలోకి వెళ్లిపోయింది. బస్సు మీద వానలో అతుకు దగ్గర ఏదో తట్టుకుంటోందని ఒకరు రాశారు. ఆమెకూ అనుమానంగానే ఉంది. తెర మీద వాన గరుకు గీతలా కనిపిస్తుంది, ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. అందులో తట్టుకునే చోటు కంటికి దొరకదు, చెవికే దొరకాలి. వెనక్కి జరిపింది, విన్నది, మళ్లీ జరిపింది. వింటూ వింటూ కళ్లు మూసుకుంది. ఎండ కిటికీ చువ్వలు దాటి పాదాల మీదికి వచ్చింది. పాదాలు మండుతున్నాయి, చెవుల్లో వాన కురుస్తోంది. నిద్రా కాదు మెలకువా కాదు. బస్సులో తను ఒక్కతే కూర్చున్నట్టు, అద్దాల మీద నీళ్లు జారుతున్నట్టు, ఎవరూ ఎక్కడికీ వెళ్లనక్కర్లేనట్టు ఉంది. అప్పుడు దొరికింది అతుకు. ఒక పెద్ద చినుకు సగంలో తెగి, మళ్లీ మొదటినుంచి పడుతోంది. దాన్ని పూర్తిగా పడనిచ్చి, ఆ తర్వాత కలిపింది.

భోజనాల దగ్గర సంగతి విన్న భర్త, మిషను పొడి అంటిన చేతులు తుడుచుకుంటూ, “అసలు ఇది ఏం చెయ్యదో ముందే చెప్పేస్తే పోలా?” అన్నాడు. “నా దగ్గరికి దూరం కనపడట్లేదని వస్తారు. దగ్గరివి కనపడే అద్దాలు అంటగడితే మర్నాడే వచ్చి మొహాన కొట్టరూ?”

“బాగుంది అన్నయ్యా, షాపు ముందు నిలబడి పొండి పొండి అనమంటావు,” అన్నాడు మరిది.

వానమ్మ చెయ్యి కడుక్కుని వెళ్లి, యాప్ గురించి రాసే చోట ఉన్నదంతా చెరిపేసి, మొదటి వాక్యం కొత్తగా రాసింది. ‘వాన ఎప్పుడు వస్తుందో ఇది చెప్పదు. వస్తే ఎలా ఉండేదో గుర్తు చేస్తుంది.’ మరిది చదివి తలపట్టుకున్నాడు. పట్టుకుంటూనే అలాగే స్టోరులో పెట్టాడు. వదిన మాట కాదనే అలవాటు అతనికి లేదు.

సాయంత్రానికి ఒకటి వచ్చింది. ‘రేపటి సంగతి చూద్దామని దింపాను. చెప్పదట. తీసేద్దామని ఒకసారి నొక్కాను. తీసేయబుద్ధి కాలేదు.’ అయిదు స్టార్లు.

*

శుక్రవారం పొద్దున సబ్బును దాటారు. మధ్యాహ్నానికి బంగారు నాణేలను దాటారు. మరిది గంటకోసారి మెట్లెక్కి వచ్చి స్థానం చెప్పి పోతున్నాడు. జనం పొరపాటునే వస్తున్నారు, వాన ఎప్పుడో కనుక్కోవడానికే వస్తున్నారు. కానీ వచ్చినవాళ్లు ఉండిపోతున్నారు. ఎండకు ఎక్కడికీ కదలలేని ఆ మధ్యాహ్నాల్లో, తలుపులు మూసుకుని పడుకుని, చెవి పక్కన వాన పెట్టుకుంటున్నారు.

నాలుగింటివేళ భర్త ఇచ్చిన కళ్లజోడు ఒకటి ఎవరికో చేర్చడానికి వానమ్మ వీధిలోకి వచ్చింది. ఎండ తెల్లగా ఉంది. కుక్కలు కూడా లేవు. మూసిన తలుపుల పక్కనుంచి నడుస్తుంటే మంగలి దుకాణంలోంచి రేకు మీద వాన వినిపించింది. తెర కింద మంగలి ఆయన కాళ్లు మాత్రం కుర్చీ మీద కనిపిస్తున్నాయి, కదలకుండా. బ్యాంకు ముందు కాపలావాడు స్టూలు మీద కునుకుతున్నాడు. అతని చొక్కా జేబులోంచి ఇసుక మీద వాన. ఇంకా కొంచెం ముందుకు వెళితే మేడ మీద ఎవరింట్లోనో బకెట్టు నిండుతోంది. ప్రతిదీ ఆమెకు తెలుసు. ఇది ఏ గుమ్మంలో కూర్చుని పట్టింది, ఆ వేళ తనతో ఎవరున్నారు, ఎంత జలుబు చేసింది, అన్నీ తెలుసు. కాళ్ల కింద దుమ్ము లేస్తోంది. రెండు వైపులా వానలు కురుస్తున్నాయి. ఒంటి మీద ఒక్క చుక్క లేకుండా ఆ వానల మధ్యనుంచి ఆమె నడిచి వెళ్లింది. కళ్లద్దాలు ఇవ్వాల్సిన ఇల్లు దాటిపోయి, మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి ఎదురింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటరి మనిషి. నీళ్ల ట్యాంకరు దగ్గర ఎవరితోనూ తోపులాడలేదు కాబట్టి ఎప్పుడూ ఒక బిందె తక్కువే పడుతుంది ఆవిడకు.

“ఏమే వానమ్మా, నిన్న మధ్యాహ్నం ఒళ్లు తెలీకుండా పడుకున్నాను తెలుసా,” అంది. “చెవి దగ్గర పెట్టుకుంటే అచ్చం మా పాత ఇంట్లో పడుకున్నట్టే ఉంది. లేచి చూద్దును కదా, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అప్పుడు తెలిసింది వాన కాదని.”

“మంచిదే కదా పిన్నిగారూ, నిద్ర పట్టింది.”

“మంచిదే. కిటికీలు కూడా మూసేస్తున్నాను, ఇంకా బాగా వినిపిస్తుందని.”

వానమ్మకు ఆ మాట రాత్రి భోజనం దాకా తియ్యగా ఉంది.

*

శనివారం మూడో స్థానం.

కంపెనీ ఆవిడ మనిషిని చూడటానికి స్వయంగా వచ్చింది. కింద దుకాణంలోంచి రావాలి, వేరే దారి లేదు. దుకాణంలో మిషను ఆగి ఉంది. అద్దం అంచు అరగదీస్తున్నంతసేపూ రాయి మీద సన్నటి నీటిధార పడుతూ ఉండాలి, లేకపోతే అద్దం వేడెక్కి పగుళ్లిస్తుంది. రెండ్రోజులుగా ఆ ధారకు నీళ్లు లేవు. బల్ల మీద కవర్లలో కళ్లజోళ్లు పేరుకుపోయాయి. చూపు ఆనక అవస్థ పడుతున్నవాళ్లు వచ్చి అడిగి పోతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక కళ్లద్దాలాయన ఉన్న అద్దాలనే తీసి తుడిచి, మళ్లీ పెడుతున్నాడు.

పైన గదిలో కంపెనీ ఆవిడ చెప్పులు విప్పి హాయిగా నేల మీదే కూర్చుంది. మేజోడు తొడిగిన మైకును చూసి నవ్వింది, ముట్టుకోవచ్చా అని అడిగింది. ఒక్కొక్క వానా కళ్లు మూసుకుని విన్నది. పరదా మీద వానలో ఉండగా ఫోను మోగితే కట్ చేసేసింది. ఇంత మంచి మనిషికి నోరు లేకపోవడమేమిటి, స్థానం ఉంటేనే నోరు రావడమేమిటి అని వానమ్మకు కొంచెం కోపం కూడా వచ్చింది.

“అయిపోయినట్టే అనుకోండి,” అంది ఆవిడ లేస్తూ. “సోమవారం పొద్దుటిదాకా ఇలాగే నిలబెట్టుకోండి, చాలు. మా యాప్ ప్రకారం ఈ వారమంతా వాన లేదు. జనం పాపం గానీ, మీకు కలిసొచ్చింది.”

అందరూ నవ్వారు. వానమ్మ కూడా నవ్వింది.

ఆవిడను సాగనంపి బట్టలు తెద్దామని మేడెక్కితే, పడమటి వైపు ఇళ్ల కప్పుల మీద నల్లగా ఒక గీత కనిపించింది. పొగ అనుకుంది. చూస్తూ ఉంటే అది వెడల్పయింది. గాలి ఆగింది. తీగ మీద బట్టలు కూడా ఆగిపోయాయి. భర్త మెట్లెక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. దుకాణం తెరిచి ఉంచి ఆయన మేడెక్కడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“మబ్బే కదూ?” అన్నాడు.

“పోతుందిలెండి,” అంది వానమ్మ.

ఆయన తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. కొలత తప్పిన అద్దం చూసినట్టు, ఎక్కడ తేడా వచ్చిందో అన్నట్టు చూశాడు.

“అంటే, రోజూ వచ్చి పోతోంది కదా అని,” అంది. అది అబద్ధం. ఇన్నాళ్లలో మబ్బన్నదే రాలేదు.

ఆయన దుకాణంలోకి దిగిపోయాడు. వానమ్మ బట్టలు తియ్యలేదు. మబ్బు వైపు చూడకుండా పిట్టగోడ మీద వేళ్లతో రాస్తూ నిలబడింది. వద్దు, ఒక్క రెండు రోజులు వద్దు, సోమవారం తర్వాత ఎంత కావాలంటే అంత పడు అని తను లోపల అంటూనే ఉందని అప్పుడు గమనించింది. చినుకు పడకముందే చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తే మనిషి. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. సిగ్గుపడుతూనే, వద్దు అనుకోవడం మాత్రం ఆపలేకపోయింది. చీకటి పడేసరికి మబ్బు నిజంగానే ఎటో తేలిపోయింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. అందుకూ సిగ్గుపడింది.

*

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ నడుం వాల్చిన వేళ పడింది వాన.

ముందు వాసన వచ్చింది. తర్వాత మెట్ల మీద టప్పున ఒకటి, ఆగి ఇంకొకటి. వానమ్మ కళ్లు తెరిచి, మరిది ఫోను అనుకుని మళ్లీ మూసుకుంది. కానీ ఈ వానలో అతుకు లేదు, మొదలూ లేదు, ఎటునుంచి ఎటు వెళుతుందో తెలియడం లేదు. దిగ్గున లేచింది. అప్పటికే భర్త బకెట్లు పట్టుకుని మేడ మెట్ల మీద ఉన్నాడు. మరిది బిందెలు, వంట గిన్నెలు, చివరికి స్నానాల చెంబుతో సహా మోసుకెళ్లాడు. ముగ్గురూ మేడంతా గిన్నెలు పరిచారు. పోతుందిలెండి అన్న మాట ఆయన ఎత్తలేదు. నీళ్లు కారుతున్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఏమీ కనిపించకపోయినా నలువైపులా చూస్తూ నవ్వుతున్నాడు.

మరిది మేడ మీది వసారాలోకి తప్పుకుని ఫోను తెరిచాడు.

“వదినా,” అన్నాడు. “రెండో స్థానం.”

“ఏంటి?”

“రెండో స్థానం. వాన పడితే పడిపోతామనుకున్నాను. పడలేదు. ఇప్పుడు వింటున్నవాళ్లు ఎంతమందో చూడు, గీత అలాగే ఉంది. ఎవరూ ఆపలేదు.” అతని గొంతు తేలికైంది. “తలుపులు మూసుకుని పడుకున్నారు కదా. బయటిది కూడా మనదే అనుకుంటున్నారు. ఇలా రేపు పొద్దుటిదాకా నిలబడితే చాలు.”

వానమ్మ పిట్టగోడ దాకా వెళ్లి తొంగి చూసింది. వీధిలో కాలవ పారుతోంది. నాలుగైదు మేడల మీద మనుషులు గంతులేస్తున్నారు, బిందెలు పెడుతున్నారు. మిగతా మేడలు ఖాళీ. ఎదురింటి మేడ మీద ఒక్క గిన్నె లేదు. పిన్నిగారి ఖాళీ బిందె వాకిట్లో పంపు దగ్గర బోర్లించి ఉంది, దాని వీపు మీద వాన వాయిస్తోంది. కిటికీ మూసి ఉంది.

“పిన్నిగారూ,” అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. ఆ హోరులో ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు.

లోపల ఆవిడ చెవి దగ్గర వానమ్మ వాన ఉంది. దాని మీద అసలు వాన పడుతోంది. ఆవిడకు రెండూ ఒకటే. అతుకు తెలియకుండా కలపడం తన పని, ఇంత బాగా కలిపినందుకు వానమ్మకు తన మీదే కోపం వచ్చింది. ఇలా ఎన్ని కిటికీలు, ఎన్ని బిందెలు.

ఆమె వసారాలోకి వచ్చి చేతులు తుడుచుకుంది. “వింటున్నవాళ్లందరికీ ఒక మాట పంపొచ్చా?”

“పంపొచ్చు. ఎందుకు?”

“‘బయట నిజంగానే వాన పడుతోందేమో చూడండి. పడుతుంటే దీన్ని ఆపేసి లేవండి’ అని.”

మరిది ఆమె వైపు చూశాడు. వాన మాటలు మింగేస్తోందేమోనని దగ్గరికి వచ్చాడు. “వదినా, రేపు పొద్దునే మీటింగు.”

“తెలుసు.”

“ఆపడం కాదు, సగంమంది తీసేస్తారు. ఒక్కసారిగా అంతమంది తీసేస్తే స్టోరు మనల్ని మళ్లీ సబ్బు కింద పడేస్తుంది. ఉద్యోగం సంగతి...”

“తెలుసు నాయనా. పంపు.”

ఆమె ఏడుపు ఆపుకోవడానికి ఏమీ ప్రయత్నించలేదు, ఆ తడిలో అది ఎవరికీ కనిపించేది కాదు. ఆ ఉద్యోగం మీద మొన్న ఎంత ఆశ ఉందో ఇప్పుడూ అంతే ఉంది. మరిది వసారా మెట్టు మీద కూర్చుని ఆమె చెప్పిన రెండు ముక్కలూ కొట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. పంపేముందు ఒకసారి తలెత్తాడు. ఆమె తలూపింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. ఎదురింటి కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. చెయ్యి ఒకటి బయటికి వచ్చి, అరచేయి పైకి పట్టి, తడిసి, లోపలికి వెళ్లిపోయింది. మరుక్షణం పిన్నిగారు జుట్టు ముడి కూడా వేసుకోకుండా వాకిట్లోకి వచ్చి, బోర్లించిన బిందెను తిప్పి, ఇంకో బిందె కోసం లోపలికి పరిగెత్తింది. మంగలి ఆయన వీధి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అవతలి మేడల మీద ఒక్కొక్కరే తేలుతున్నారు.

“తగ్గుతోంది,” అన్నాడు మరిది.

“ఎంత?”

“వింటున్నవాళ్లు సగానికి వచ్చారు. తీసేస్తున్నారు కూడా.”

సాయంత్రం దాకా కురుస్తూనే ఉంది. నిండిన బకెట్లు కిందికి దించి, ఖాళీవి పైకి తెచ్చి, వానమ్మ వచ్చిన ప్రతిసారీ అడుగుతూనే ఉంది. మొదట మరిది జవాబు చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఆమె మొహం చూశాక చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో స్థానం. ఏడో స్థానం. నాణేల ఆట కింద. ఒక్కో మెట్టూ దిగుతుంటే ఎక్కడెక్కడో కిటికీలు తెరుచుకుంటున్నట్టే ఉంది ఆమెకు. బాధగానూ ఉంది, పట్టలేనంత సంతోషంగానూ ఉంది. రెండూ ఒక్క గుండెలోనే ఎలా పట్టాయో ఆమెకు అర్థం కాలేదు. కింద మిషను మళ్లీ తిరుగుతోంది. ఆ వణుకు కాళ్లకు తెలుస్తోంది.

“ఇప్పుడు?” అంది, కొంగు పిండుకుంటూ.

“మన పేరు ఎక్కడా కనపడట్లేదు వదినా. ఎంత తోసినా రావట్లేదు.”

“వింటున్నవాళ్లు?”

“ఒకరిద్దరు.”

వానమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అతని పక్కన కూర్చుంది.

“మళ్లీ చూడు,” అంది. “వాళ్లు కూడా లేచారేమో చూడు.”